చెవి చుట్టూ ఒక చిన్న గది

ముద్దనూరు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల ఇళ్లలో నేల మీద నాపబండలు, అరుగు మీద నాపబండలు. పాత మిద్దెల్లో గోడలూ రాతివే. మే నెలలో పాదాలకు చల్లగా తగిలే ఆ బండ, శబ్దాన్ని మాత్రం తనలోకి రానీయదు. నునుపు చేసిన రాయి తన మీద పడిన శబ్దశక్తిలో నూటికి ఒకటి రెండు వంతులే పీల్చుకుంటుంది. తక్కినదంతా వెనక్కి పంపేస్తుంది. సామాన్లు లేని అలాంటి గదిలో చప్పట్లు కొడితే ఒక్క చప్పుడు మళ్లీ మళ్లీ వినిపించడం ఇందుకే. ఎంత మంచి స్పీకరు తెచ్చి ఆ గదిలో వీణ కచేరీ పెట్టుకున్నా, తీగ మీద మీటు ఒకటే అయినా గోడల నుంచి తిరిగొచ్చే మీట్లు ఎన్నో. అక్కడ మనం వినేది సగం వీణ, సగం మిద్దె.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ మిద్దె మాయమవుతుంది. గోడలు, బండలు, పైకప్పు ఏవీ పాటలో కలవవు. అయితే గది అనేదే లేకుండా పోయిందనుకోకూడదు. చెవి చుట్టూ మెత్తటి ప్యాడ్ గోడగా, ఒకవైపు మన తల, ఇంకోవైపు శబ్దం పుట్టించే డ్రైవరు హద్దులుగా ఒక కొత్త గది తయారవుతుంది. దాని వెడల్పు ఐదారు సెంటీమీటర్లు, లోతు రెండు మూడు. అందులో పట్టే గాలి అరగ్లాసు కూడా ఉండదు. వేలకు వేలు, ఒక్కోసారి లక్షలు పోసి కొన్న హెడ్‌ఫోన్ ఎలా పలకాలో నిర్ణయించేవాటిలో ఈ అరగ్లాసు గది ఒకటి. చాలామంది ప్యాడ్‌ను చెవికి ఒత్తుకోకుండా పెట్టిన దిండు అనుకుంటారు. నిజానికి అది వాయిద్యంలో భాగం.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ల గురించి కాబట్టి, ముందు ఓపెన్ బ్యాక్ అంటే ఏమిటో చూద్దాం. డ్రైవరులోని పల్చటి పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. ముందుకు నెట్టిన గాలి చెవికి చేరుతుంది. అదే సమయంలో వెనకవైపు కూడా అంతే శబ్దం పుడుతుంది. డ్రైవరు వెనక గట్టి చిప్ప ఉంటే ఆ వెనక శబ్దం లోపలే కొట్టుకుని, కాస్త ఆలస్యంగా పొర గుండా మళ్లీ చెవికి వస్తుంది. చిప్పకు బదులు జాలీ పెడితే బయటికి వెళ్లిపోతుంది. ఇదే ఓపెన్ బ్యాక్. ఈ పద్ధతితో 1968లో జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ హెచ్‌డి 414 అనే హెడ్‌ఫోన్ తెచ్చింది. అంతవరకూ మంచి హెడ్‌ఫోన్ అంటే చెవుల్ని బిగించి మూసేసే బరువైన చిప్పలే. హెచ్‌డి 414 తేలిగ్గా ఉండేది, గాలి ఆడేది. కోటికి పైగా అమ్ముడుపోయింది. దాన్ని దూరం నుంచి గుర్తుపట్టించింది కూడా ప్యాడే, పసుపురంగు స్పాంజి ప్యాడ్. ఆ వంశంలోనే 1997లో హెచ్‌డి 600, 2009లో హెచ్‌డి 800 వచ్చాయి. మరోవైపు, పల్చటి పొర మీద విద్యుత్ దారులు పరచి అయస్కాంతాల నడుమ ఆడించే ప్లానార్ రకం ఉంది. ఈనాటి ఖరీదైన ఓపెన్ బ్యాక్‌లలో చాలా భాగం ఆ రకమే.

గాలి ఆడే హెడ్‌ఫోన్ మన ఎండలకు తగినదే. దాని వల్ల వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఎక్కువ. జాలీలో నుంచి పాట బయటికి వెళ్లినంత సులువుగా బయటి రొద లోపలికి వస్తుంది. ముద్దనూరు మీదుగా పోయేది చెన్నై, ముంబై ప్రధాన రైలు మార్గం. దగ్గర్లో 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దాని బొగ్గు రైళ్లు ఉన్నాయి. ఇంట్లో ఫ్యాను ఆపితే కూర్చోలేం. ఫ్యాను హోరు పాటలోని సన్నటి భాగాల్ని కప్పేస్తుంది కాబట్టి వాల్యూమ్ పెంచుతాం. పెంచామని మనకే తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. ఫ్యాను కింద కూర్చుని ఓపెన్ బ్యాక్‌తో వినేవాళ్లు ఈ లెక్క మరచిపోకూడదు. ప్యాడ్ ఏది పెట్టినా ఈ విషయంలో పెద్ద తేడా రాదు, ఎందుకంటే రొద వచ్చేది వెనక జాలీ నుంచి.

ఇక ప్యాడ్ లోపలి గదిలోకి వెళ్దాం.

35 డిగ్రీల వేడిలో గాలిలో శబ్దం సెకనుకు సుమారు 352 మీటర్లు పోతుంది. అంటే 50 హెర్ట్జ్ మంద్రస్వరానికి అల పొడవు ఏడు మీటర్లు. వెయ్యి హెర్ట్జ్‌కు 35 సెంటీమీటర్లు. పదివేలకు మూడున్నర సెంటీమీటర్లే. ప్యాడ్ లోపలి గది ఐదారు సెంటీమీటర్లది కదా. కాబట్టి అదే గదిలో బేస్ ఒక తీరుగా, పై స్వరాలు పూర్తిగా వేరే తీరుగా నడుచుకుంటాయి.

ఏడు మీటర్ల అల ఐదారు సెంటీమీటర్ల గదిలో అలగా ప్రయాణించే వీలే లేదు. పొర ముందుకు వస్తే లోపలి గాలంతా ఒక్కసారే నొక్కుకుంటుంది, వెనక్కి పోతే ఒక్కసారే సాగుతుంది. ఇది సైకిల్ పంపు లెక్క. పంపు మూతిని వేలితో గట్టిగా మూసి పిడిని నొక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. వేలు కొంచెం సడలించి నెమ్మదిగా నొక్కితే గాలి పక్కనుంచి జారిపోతుంది, ఒత్తిడే ఉండదు. అదే సడలిన వేలితో గబుక్కున కొడితే? జారిపోవడానికి గాలికి వ్యవధి చాలదు, ఒత్తిడి పుడుతుంది. హెడ్‌ఫోన్‌లోనూ నెమ్మదిగా కదిలే స్వరాలంటే బేసే. అందుకే ప్యాడ్‌కూ చెంపకూ మధ్య చిన్న సందు పడితే ముందుగా పోయేది బేస్. పై స్వరాలు చెక్కుచెదరవు.

ఆ సందు దేనివల్లయినా రావచ్చు. కళ్లజోడు కాడలు, చెంపల మీది గుబురు గడ్డం, ప్యాడ్ కిందికి వచ్చిన జుట్టు, చెవులకున్న పెద్ద కమ్మలు, ఏవైనా సరే. ఒకే హెడ్‌ఫోన్ గురించి ఒకరు బేస్ బ్రహ్మాండమనీ, మరొకరు బేసే లేదనీ వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెప్తూ ఉండవచ్చు. ఒకరికి కళ్లజోడు ఉండి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఓపెన్ బ్యాక్ అంటే వెనకే తెరిచి ఉంటుంది, ముందువైపు సంగతి వేరు. ప్లానార్ రకంలో చాలావాటికి చెవి వైపు గది బిగుతుగా మూసుకుని ఉండాలి. అప్పుడే వాటి బేస్ కింది స్వరాల దాకా తగ్గకుండా నిలబడుతుంది. అలాంటిదానికి గాలి పోయే వెల్వెట్ ప్యాడ్ తొడిగితే మంద్రం తగ్గి తీరుతుంది. హెచ్‌డి 600 లాంటి డైనమిక్ (తీగచుట్టతో పొరను కదిపే) రకాల్లో డ్రైవరు చుట్టూ గాలి పోయే దారులు ముందే ఉంటాయి, కంపెనీ ఇచ్చే ప్యాడే వెల్వెట్‌ది. ఆ డ్రైవరు ఆ గాలిపోతకు లెక్క వేసి తయారైనదే. దానికి తోలు ప్యాడ్ పెడితే కొందరికి బేస్ పెరిగినట్టు హుషారనిపిస్తుంది. స్వరాల తూకం మాత్రం తప్పుతుంది.

గది పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. గట్టిగా మూసిన గదిలో పొర కదలిక అంతే ఉండి, గాలి పరిమాణం రెట్టింపయితే ఒత్తిడి సగమవుతుంది, అంటే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మందపాటి ప్యాడ్ వేస్తే బేస్ పెరుగుతుందన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. మందం వల్ల పెరగదు. మెత్తటి మందపాటి ప్యాడ్ చెంప ఒంపులకు బాగా అతుక్కుని సందులు మూస్తే పెరుగుతుంది. ఘనత అతుక్కోవడానిదే.

పైకి వెళ్లేకొద్దీ కథ మారుతుంది. మూడువేల హెర్ట్జ్ దాటాక అల పొడవు గది కొలతలకు దగ్గరవుతుంది. అప్పుడు శబ్దం ప్యాడ్ లోపలి గోడలకు తగిలి తిరుగుతుంది, కొన్ని స్వరాల దగ్గర పొంగుతుంది, కొన్నింటి దగ్గర అణగుతుంది. రాతి మిద్దెలో జరిగేదే, పది సెంటీమీటర్ల లోపు జరుగుతుందంతే. చెవి కాలువకే మూడువేల హెర్ట్జ్ ప్రాంతంలో సొంత పొంగు ఉంది. చెవి దొప్ప మడతలు అయిదువేల నుంచి పదివేల దాకా తమ గీతలు తాము గీస్తాయి. ఆ గీతల్ని బట్టే మెదడు శబ్దం ఎటునుంచి వస్తోందో పోల్చుకుంటుంది. ప్యాడ్ మారిస్తే డ్రైవరు చెవికి రెండు మిల్లీమీటర్లు దగ్గర కావచ్చు, లేదా వెనక మందంగా ముందు పల్చగా ఉండే ప్యాడ్ డ్రైవరును వాల్చవచ్చు. అప్పుడు ఈ గీతలన్నీ పక్కకు జరుగుతాయి. గొంతు తల మధ్యలో నుంచి కొంచెం నుదుటి ముందుకు వచ్చినట్టు అనిపించడం అందువల్లే. ఈ ప్రాంతంలో ఒక్క పొంగు కూడా ఎంత ఇబ్బంది పెడుతుందో హెచ్‌డి 800 చెబుతుంది. దానిలో ఆరువేల హెర్ట్జ్ దగ్గర గుచ్చే పొంగు ఉందని వినేవాళ్లు అనేవారు. తర్వాత వచ్చిన హెచ్‌డి 800 ఎస్‌లో ఆ శక్తిని మింగేసే ప్రత్యేకమైన గాలి గూడు పెట్టారు.

ప్యాడ్ లోపలి గోడ నున్నటి తోలయితే రాయిలాగే తిప్పికొడుతుంది. చిల్లులున్న తోలయితే శబ్దం లోపలి ఫోమ్‌లోకి దూరి కొంత అరుగుతుంది. వెల్వెట్ పై స్వరాలను పీల్చుకుంటుంది, బేస్‌ను బయటికి వదులుతుంది. ఏ బట్ట ఎలాంటిదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ప్యాడ్ గోడకు పెదాలు ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి ఎంత సులువుగా అవతలికి పోతే బేస్ అంత కారుతుంది. అందుకే చెమటకని ప్యాడ్ల మీద నూలు తొడుగు కుట్టించుకునేవాళ్లు కుట్టించే ముందే బట్టను ఊది చూడాలి. మందపు నూలు తొడుగు తోలు ప్యాడ్‌ను సగం వెల్వెట్ ప్యాడ్‌గా మార్చేస్తుంది.

మన ప్రాంతపు ఎండకు ఇందులో ఉన్న పాత్ర ప్రత్యేకం. చాలా ఖరీదైన ప్యాడ్లలో మెమరీ ఫోమ్ ఉంటుంది. వేడికి మెత్తబడటం, చలికి బిగుసుకోవడం దాని స్వభావం. గదిలో 40 డిగ్రీలుండే మే మధ్యాహ్నం అది డిసెంబరు ఉదయం కంటే ఎక్కువ కుంగుతుంది. డ్రైవరు చెవికి దగ్గరవుతుంది, చెంపకు ఇంకా బాగా అతుక్కుంటుంది. అదే ప్యాడ్, అదే పాట, అయినా రుతువును బట్టి వినికిడి కొంత మారుతుంది. చలికాలంలో పెట్టుకోగానే బేస్ పల్చగా ఉంటే పది నిమిషాలు ఆగండి, ఒంటి వేడికి ప్యాడ్ సర్దుకుంటుంది.

రెండో సంగతి చెమట. చవకరకం తోలు అని మనం అనేది చాలావరకు బట్ట మీద పూసిన పాలీయురెథేన్. తేమ, వేడి, చర్మపు నూనె కలిస్తే దాని అణుబంధాలు నీటితోనే తెగిపోతాయి. మొదట జిగురుగా, తర్వాత పొరలు పొరలుగా లేచి, చివరికి నల్లటి రేకులు చెంపకు అంటుకుంటాయి. పొర లేచిన చోట గాలి పోతుంది. గాలి పోయిన చోట బేస్ పోతుంది. హెడ్‌ఫోన్ ముసలిదైపోయింది, డ్రైవరు అరిగిపోయింది అని బాధపడేవాళ్లలో చాలామంది బాధకు కారణం ప్యాడ్ దగ్గరే ఉంటుంది.

విని ఎలా చెప్పాలి? నేను ఎప్పుడూ మొదట పెట్టేది తంబుర. దీనికి కారణం ఉంది. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో మన తీగ వాద్యాల మీద ఒక పత్రం రాశారు. తంబుర, వీణల గుర్రం వెడల్పుగా, ఒంపుగా ఉండటం వల్ల, మామూలు తీగలో మీటిన చోటును బట్టి వినిపించకుండా పోవాల్సిన ఉపస్వరాలు కూడా గట్టిగా పలుకుతాయని చూపారు. అంతకు ముందు ఏడాది శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో మృదంగం, తబలాల గురించి రాశారు. మామూలు డప్పు మూతలా కాక వాటి మూత తీగలాగా క్రమమైన ఉపస్వరాలు ఇస్తుందని అందులో తేల్చారు. కాబట్టి తంబుర ఒక్కటే కింది షడ్జం నుంచి వేల హెర్ట్జ్ దాకా నిచ్చెనలాంటి మెట్లు వేసి పెడుతుంది. మోగినంతసేపూ మారదు. ఏ ప్యాడ్ ఏ మెట్టును పొంగించిందో, ఏ మెట్టును మింగిందో అందులో తెలిసినంతగా ఆర్కెస్ట్రా పాటలో తెలియదు.

ఒక ప్లానార్ హెడ్‌ఫోన్ మీద నాకు వినిపించిన తేడాలు ఇవి. దానితో వచ్చిన తోలు ప్యాడ్లతో తంబుర కింది తీగ నిండుగా, మృదంగం ఎడమచేతి గుంకీ జారుతున్న ప్రతి అంగుళం తెలిసేలా ఉంది. వెల్వెట్ ప్యాడ్లతో గుంకీ మొదలు తెలిసింది, కిందికి జారిన చివర పల్చబడింది. గాత్రం మాత్రం ముందుకు వచ్చింది, సకారాలు మెత్తబడ్డాయి, చెవులకు చల్లగా ఉంది. లోపలి గోడకు చిల్లుల తోలు, చెంపకు తగిలే చోట వెల్వెట్ ఉన్న రకం ఈ రెండింటి నడుమ నిలిచింది. పై స్వరాల్లో గీరుడు తగ్గించింది అదే. వెనక మందంగా ఉండే వాలు ప్యాడ్ గాయకుణ్ణి కొంచెం దూరం జరిపింది. వయొలిన్‌లో ఏదో ఒక మెట్టు మాత్రం అవసరానికి మించి మెరిసింది.

రెండో కొలబద్ద చెక్కభజన. సీమ పల్లెల్లో రామమందిరాల ముందు ఆ చెక్కల దెబ్బ, వాటికి బిగించిన బిళ్లల గలగల చిన్నప్పటి నుంచి నేరుగా విన్న చెవికి నకిలీ వెంటనే తెలిసిపోతుంది. దగ్గర నుంచి రికార్డు చేసుకున్న చెక్కభజనలో చెక్క మీద చెక్క పడిన చప్పుడు కొయ్యలాగే ఉండాలి. రేకులా వినిపిస్తే ప్యాడ్ గదిలో ఎక్కడో పొంగు ఉంది. బిళ్లలు ఒక్కొక్కటిగా కాక చిక్కటి ముద్దగా వినిపిస్తే పై స్వరాల్ని ప్యాడ్ మింగేసింది. స్టూడియోలో తయారైన పాట అసలు ఎలా ఉండాలో మనలో ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి విన్నదాన్నే కొలబద్దగా పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా చెవి మాటను వెంటనే నమ్మకూడదు. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు, శబ్దం పెద్దదయ్యేకొద్దీ బేస్ మనకు లెక్కకు మించి పెరిగినట్టు వినిపిస్తుందని. ఒక ప్యాడ్‌తో ఒక్క డెసిబెల్ ఎక్కువ పలికితే చాలు, అదే నిండుగా, స్పష్టంగా ఉందంటాం. అందుచేత పోల్చే ముందు వాల్యూమ్ సమం చేయాలి. మందపాటి అట్టకు చిన్న చిల్లు చేసి, దానికి ఒకవైపు ఫోన్ మైకు, రెండోవైపు ప్యాడ్ ఆనించి, పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) వినిపిస్తూ ఫోన్‌లోని శబ్దం మీటరు చూసుకుంటే ఇంట్లో ఈ పని అయిపోతుంది. అది నిజమైన డెసిబెల్స్ చెప్పకపోయినా రెండు ప్యాడ్ల మధ్య తేడా చెబుతుంది.

ఇంకో అడ్డంకి జ్ఞాపకం. శబ్దపు సూక్ష్మాలు మెదడులో కొన్ని సెకన్లే తాజాగా ఉంటాయి. ప్యాడ్లు విప్పి బిగించడానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా మనం పోల్చేది శబ్దాన్ని కాదు, దాని గురించి మనం అనుకున్న మాటల్ని. పోనీ కళ్లకు గంతలు కట్టి ఇంకొకరితో మార్పిద్దామంటే, తోలేదో వెల్వెట్ ఏదో చెంపే చెప్పేస్తుంది. హర్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2013 ప్రాంతంలో ఈ చిక్కును తెలివిగా దాటారు. రకరకాల హెడ్‌ఫోన్ల స్వరతూకాన్ని కొలిచి, వాటన్నింటినీ ఒకే హెడ్‌ఫోన్‌లో, స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజరుతో అనుకరించి వినిపించారు. తలమీద ఉన్నది ఒకటే కాబట్టి బరువు, మెత్తదనం, పేరు, ధర ఏవీ తీర్పులో జోక్యం చేసుకోలేదు. మంచి గదిలో మంచి స్పీకర్లు పలికినట్టు ఉండే తూకమే ఎక్కువమందికి నచ్చింది. 2017లో బ్రేబార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోన్ల స్వరతూకాల్ని వాటి ధరలతో పోల్చి, రెండింటికీ సంబంధం కనబడలేదని ప్రకటించాడు.

ఇదంతా చదివాక ప్యాడ్లు మార్చడం దండగ, ఈక్వలైజరు చాలదా అని అడగవచ్చు. నడిమి స్వరాల్లో చిన్నచిన్న తేడాలకు ఈక్వలైజరే మేలు. ఖర్చు లేదు, వెనక్కి తిప్పుకోవచ్చు. కానీ సందు వల్ల పోయిన బేస్‌ను అది నమ్మకంగా తేలేదు. తల కదిపిన ప్రతిసారీ సందు మారుతుంది, బేస్‌ను బలవంతంగా పెంచితే పొర మీద భారం పెరుగుతుంది. చెవికి దూరం, వాలు మారడం వల్ల దొప్ప మడతల మీద వచ్చే తేడాలనూ అది పూర్తిగా తిరిగి కట్టలేదు. అవి ప్యాడ్ పనులు.

కాబట్టి హెడ్‌ఫోన్ పాతబడి శబ్దం నీరసించిందనిపిస్తే కొత్త హెడ్‌ఫోన్ గురించో ఆంప్లిఫయరు గురించో ఆలోచించకముందు ప్యాడ్లు చూడండి. నొక్కి వదిలితే పైకి లేస్తున్నాయా, పొర ఎక్కడైనా చిట్లిందా, రెండు వైపులా మందం సమంగా ఉందా చూడండి. అరిగిపోయి ఉంటే మొదట తయారీదారు అమ్మే అదే రకం ప్యాడ్లు వేసుకోండి. హెడ్‌ఫోన్‌ను శ్రుతి చేసింది వాటితోనే. వేరే రకం ప్రయత్నించేది ఆ తర్వాత. పాతవాటిని పారేయకుండా దాచుకోండి, పోల్చడానికి ఉంటాయి. వాలు ప్యాడ్లకు కుడిఎడమలు ఉంటాయి, మందం చెవి వెనక్కి రావాలి. అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడమండి, అక్కడి సందు కూడా సందే. విన్న తర్వాత పొడి నూలుగుడ్డతో తుడిచి, బండల దుమ్ము పడకుండా, ఎండ తగలకుండా మూసి పెట్టండి. వెల్వెట్ ప్యాడ్‌ను విప్పి తేలిక సబ్బునీటితో ఉతకవచ్చు, పూర్తిగా ఆరాకే బిగించాలి. మన ఎండలో రోజూ వినేవాళ్లకు ప్యాడ్ తరచూ మార్చాల్సిన భాగమే. హెడ్‌ఫోన్ కొనేటప్పుడే దాని అసలు ప్యాడ్లు విడిగా దొరుకుతాయా, ధర ఎంత అని అడిగి తెలుసుకుని కొనండి.